పొద్దుతిరుగుడుకు అడవి చుట్టాలు ఇచ్చింది ఎంత, వెంట తెచ్చిన చిక్కు ఎంత

1996లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, రాస్‌విల్ అనే ఊరి సమీపంలోని ఒక సోయా చిక్కుడు చేలో, కలుపు మందు కొట్టినా చావని అడవి పొద్దుతిరుగుడు మొక్కలు కనిపించాయి. ఆ చేనికి వరుసగా ఏడేళ్లు ఇమాజెథాపైర్ అనే మందే వాడారు. సోయా పండించేవారికి అది మొండి కలుపు. పొద్దుతిరుగుడు వంగడాలు రూపొందించే శాస్త్రవేత్తలకు మాత్రం అది వెతకబోయిన తీగ కాలికి తగలడమే, ఎందుకంటే అప్పటిదాకా ఆ వర్గం మందు కొడితే కలుపుతో పాటు పొద్దుతిరుగుడు పంట కూడా మాడిపోయేది. ఆ కలుపు మొక్కల పుప్పొడితో మొదలైన సంకరణాల ఫలితంగా, మందును తట్టుకునే హైబ్రిడ్లు 2003లో క్లియర్‌ఫీల్డ్ పేరుతో మార్కెట్లోకి వచ్చాయి.

వన్య జాతి జన్యువులు పంటలోకి వచ్చాయనగానే చాలామంది దాన్ని జన్యుమార్పిడితో కలగలిపేస్తారు. జన్యుమార్పిడిలో ప్రయోగశాలలో సిద్ధం చేసిన డీఎన్ఏ ముక్కను మొక్క కణంలోకి చొప్పిస్తారు. ఇక్కడ జరిగింది ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వు కీలాగ్రం మీద వేయడం, వచ్చిన సంతతిలో కావలసినవాటిని ఏరుకోవడం. కాన్సస్ మొక్కల్లో కొత్తగా చేరిన జన్యువేమీ లేదు. కొన్ని ముఖ్యమైన అమైనో ఆమ్లాలను తయారుచేసే అహాస్ అనే ఎంజైములో 205వ స్థానంలో ఉండవలసిన అలనిన్ బదులు వాలిన్ వచ్చింది, అంతే. ఆ ఒక్క మార్పుతో మందు ఎంజైముకు అతుక్కోలేకపోయింది.

చుట్టాలు ఎవరు, ఎంత దగ్గరివారు

పొద్దుతిరుగుడు ప్రజాతి పేరు హీలియాంథస్. ఇందులో యాభైకి పైగా జాతులు ఉన్నాయి, అన్నిటి పుట్టిల్లూ ఉత్తర అమెరికాయే. వీటిలో సుమారు 14 ఏకవార్షికాలు, మిగిలినవి ఏళ్ల తరబడి బతికే బహువార్షికాలు. మనం సాగుచేసే హీలియాంథస్ యాన్యుస్‌కు అదే పేరుతో ఒక అడవి రూపం ఉంది. రోడ్ల పక్కన, బీడు భూముల్లో పెరిగే ఈ మొక్కకు ఎన్నో కొమ్మలు, కొమ్మ కొమ్మకూ చిన్న పువ్వులు ఉంటాయి. గింజ పండగానే రాలిపోతుంది, రాలిన గింజ వెంటనే మొలవదు. సాగు రూపానికి ఒకే కాండం, ఒకే పెద్ద పువ్వు, రాలని గింజ ఉంటాయి. ఈ మార్పును ఉత్తర అమెరికా తూర్పు భాగపు మూలవాసులు నాలుగు వేల ఏళ్ల కిందటే తెచ్చారు.

ఏరుకున్నప్పుడల్లా ఏదో ఒకటి వదులుకోవలసి వస్తుంది. మూలవాసులు ఏరుకున్నవాటిలో కొన్నే 16వ శతాబ్దంలో స్పెయిన్ వారి ద్వారా ఐరోపాకు చేరాయి, వాటి సంతతిలో కొన్నే రష్యాలో నూనె పంటగా స్థిరపడ్డాయి. అక్కడ క్రాస్నొదార్‌లో వసీలి పుస్తొవోయిత్ దశాబ్దాల పాటు ఎంపిక చేసి, గింజలో నూనెను 30 శాతం ప్రాంతం నుంచి 50 శాతం ప్రాంతానికి తీసుకెళ్లారు. ఇది గొప్ప విజయమే. కానీ ఒక్కో జల్లెడ దాటినప్పుడల్లా తెగుళ్లను, చీడలను, ఉప్పు నేలను తట్టుకునే జన్యువులు ఎన్నో కింద రాలిపోయాయి. అడవి మొక్కల దగ్గరికి మళ్లీ వెళ్లడమంటే అలా రాలినవాటిని వెతుక్కోవడమే.

అయితే పొద్దుతిరుగుడులోని మంచి గుణాలన్నీ అడవి నుంచే వచ్చాయనుకుంటే పొరపాటు. ఓలియిక్ ఆమ్లం ఎక్కువగా ఉండే నూనె రకాలకు మూలం 1970లలో సోవియట్ యూనియన్‌లో రసాయనంతో జన్యువుల్లో మార్పు తెచ్చి పుట్టించిన పెర్వెనెట్స్ అనే రకం. దానికి ఏ అడవి చుట్టమూ సాయం చేయలేదు.

పుప్పొడి లేని పువ్వు విత్తన రంగాన్ని మార్చిన తీరు

వన్య జాతులు ఇచ్చినవాటిలో అతి పెద్దది రోగనిరోధక శక్తి కాదు, ఒక లోపం.

పొద్దుతిరుగుడు పువ్వుగా మనం చూసేది నిజానికి వందల నుంచి వెయ్యికి పైగా చిన్నపూల గుంపు. మధ్య పళ్లెంలోని ప్రతి చిన్నపూవులో కేసరాలూ కీలమూ రెండూ ఉంటాయి. హైబ్రిడ్ విత్తనం కావాలంటే తల్లి మొక్క పుప్పొడి అడ్డు రాకూడదు. చేత్తో చేసేవారు తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. ఆ వేళకు చిన్నపూల నుంచి ముదురు రంగు గొట్టాల్లాంటి పరాగకోశాలు పైకి పొడుచుకొస్తాయి, పుప్పొడి విడుదల కాకముందే వాటిని పట్టకారుతో ఒక్కొక్కటిగా లాగేయాలి. మరునాటికి రెండు పాయలుగా చీలిన కీలాగ్రం బయటికి వస్తుంది, అప్పుడు తండ్రి మొక్క పుప్పొడి అద్దాలి. పూలు అంచు నుంచి మధ్యకు వలయాలుగా విచ్చుకుంటాయి కాబట్టి ఒకే పువ్వు ముందు వారం పాటు రోజూ కూర్చోవలసిందే. పరిశోధనకు ఇది సరిపోతుంది కానీ వేల ఎకరాలకు విత్తనం ఇలా తయారు కాదు.

1969లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాత్రిస్ లెక్లెర్క్, హీలియాంథస్ పెటియోలారిస్ అనే అడవి జాతిని సాగు పొద్దుతిరుగుడుతో సంకరించగా వచ్చిన సంతతిలో పుప్పొడి లేని మొక్కలను గుర్తించారు. వాటి కీలాలు మాత్రం చక్కగా ఉన్నాయి, బయటి పుప్పొడి వేస్తే గింజ కట్టాయి. దీన్ని కణద్రవ్య పురుష వంధ్యత్వం అంటారు. కారణం కేంద్రకంలో లేదు, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉంది. మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే వస్తుంది. ఈ మొక్కల మైటోకాండ్రియా డీఎన్ఏలో ఒక అదనపు జన్యుఖండం ఉంది, దాని ప్రోటీన్ కారణంగా పుప్పొడికి ఆహారం అందించే లోపలి పొర కణాలు ముందే చచ్చిపోతాయి. తరం తరానికీ సాగు రకం పుప్పొడినే వేస్తూ పోతే కేంద్రకం పూర్తిగా సాగు రకానిదవుతుంది, మైటోకాండ్రియా మాత్రం పెటియోలారిస్‌దే ఉంటుంది. ఇల్లంతా మారినా వంటింట్లో పొయ్యి అమ్మమ్మదే అన్నట్టు.

ఇక్కడితో ఆగితే పని జరగదు. హైబ్రిడ్ విత్తనం వేసిన చేలోనూ పుప్పొడి లేకపోతే గింజ కట్టదు కదా. 1970లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన మరే కిన్‌మన్ పుప్పొడిని తిరిగి పుట్టించే జన్యువును కనుగొన్నారు. దాన్ని ఆర్‌ఎఫ్1 అంటారు, అదీ అడవి పొద్దుతిరుగుడు మూలాలున్న వరుస నుంచే వచ్చింది. వరుస అంటే తరతరాలుగా ఒకే గుణాలతో నిలిపి ఉంచిన మొక్కల వంశం. దీంతో మూడు వరుసల పద్ధతి కుదిరింది. పుప్పొడి లేని ‘ఏ’ వరుసను, దాని జోడీ అయిన పుప్పొడి గల ‘బి’ వరుసతో కలిపితే మళ్లీ ‘ఏ’ వరుసే వస్తుంది, అంటే తల్లి విత్తనం పెరుగుతుంది. అదే ‘ఏ’ వరుసను, ఆర్‌ఎఫ్1 ఉన్న ‘ఆర్’ వరుసతో కలిపితే హైబ్రిడ్ విత్తనం వస్తుంది. ఆ విత్తనం వేసిన చేలో ప్రతి మొక్కలోనూ ఒక ఆర్‌ఎఫ్1 ప్రతి ఉంటుంది కాబట్టి పుప్పొడి మామూలుగానే పుడుతుంది. చేత్తో కేసరాలు పీకే పనే పోయింది. 1970ల మొదట్లోనే హైబ్రిడ్లు రైతులకు అందాయి, నేటికీ ప్రపంచంలోని పొద్దుతిరుగుడు హైబ్రిడ్లు దాదాపు అన్నీ ఆ ఒక్క పెటియోలారిస్ కణద్రవ్యం మీదే నడుస్తున్నాయి.

ఆ చివరి మాటే కొందరిని కలవరపెడుతుంది. 1970లో అమెరికా మొక్కజొన్న హైబ్రిడ్లలో అధిక భాగం ‘టెక్సస్’ అనే ఒకే కణద్రవ్యం మీద ఆధారపడ్డాయి. దానికి మాత్రమే ప్రత్యేకంగా సోకే ఆకుమాడు తెగులు శిలీంధ్రం వచ్చి ఆ ఏడు పంటలో సుమారు 15 శాతాన్ని మింగేసింది. పొద్దుతిరుగుడులో ఇప్పటికి 70కి పైగా ఇతర వంధ్యత్వ మూలాలను వర్ణించారు. వాటిలో ఎక్కువ భాగం అడవి జాతుల నుంచి వచ్చినవే కాబట్టి వాటిని వాడుకలోకి తేవాలని వీరి వాదన. అవతలి వారి మాట కూడా తేలిగ్గా తీసేయదగ్గది కాదు. అరవయ్యేళ్లకు దగ్గరపడుతున్నా ఈ కణద్రవ్యం వల్ల అలాంటి ఆపద రాలేదు, కొత్త మూలాల్లో చాలావాటికి పుప్పొడిని నమ్మకంగా తిరిగి తెచ్చే జన్యువు దొరకలేదు, దొరికినా ఉన్న ‘ఆర్’ వరుసలన్నిటినీ మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. నాకు మొదటి వాదన బలంగా తోస్తుంది, కానీ దాని ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

తెగుళ్లతో ఎడతెగని పందెం

తుప్పు తెగులును తట్టుకునే తొలి జన్యువులు 1950లలో కెనడాలో వాడుకలోకి వచ్చాయి, వాటి మూలం టెక్సస్‌లోని అడవి పొద్దుతిరుగుడు. బూజు తెగులుకు వ్యతిరేకంగా టెక్సస్ తీరంలో పెరిగే, వెండి నూగు కప్పిన ఆకుల ఆర్గోఫిల్లస్ జాతి ఇచ్చిన పీఎల్-ఆర్గ్ జన్యువు చాలాకాలం తెలిసిన రేసులన్నిటినీ అడ్డుకుంది. రేసు అంటే ఒకే తెగులు క్రిమిలో ఫలానా నిరోధక జన్యువును దాటగల ఉపరకం.

ఈ పందెం ఎలా సాగుతుందో ఓరోబాంకీ విషయంలో బాగా తెలుస్తుంది. పొగాకు చేలలో మల్లె అని పిలిచే పరాన్నజీవి మొక్కకు ఇది దగ్గరి బంధువు. దీనికి ఆకుపచ్చదనం ఉండదు. పొద్దుతిరుగుడు వేరుకు అతుక్కుని నీటినీ పోషకాలనూ పీల్చుకుంటుంది. ధూళి కణమంత విత్తనాలను వేలకు వేలు చల్లుతుంది, అవి ఏళ్ల తరబడి నేలలో ప్రాణంతో ఉంటాయి. నల్ల సముద్రం చుట్టుపక్కల, స్పెయిన్‌లో, టర్కీలో ఇది పెద్ద బెడద. రష్యాలో శాస్త్రవేత్తలు హీలియాంథస్ ట్యూబరోసస్ నుంచి నిరోధక శక్తిని తెచ్చారు, ఇది దుంపల కోసం పెంచే జెరూసలేం ఆర్టిచోక్ అనే బహువార్షిక చుట్టం. తర్వాత ఈ పరాన్నజీవిని ‘ఏ’ నుంచి ‘ఈ’ వరకు ఐదు రేసులుగా విడదీసి, ఒక్కో రేసు దాకా ఆపే ఐదు జన్యువులను గుర్తించారు. ఐదో జన్యువు అంతటా వ్యాపించాక దాన్ని దాటే ‘ఎఫ్’ రేసు వచ్చింది, ‘ఎఫ్’ను ఆపాక ‘జి’ వచ్చింది. ‘జి’ని ఆపే జన్యువు కోసం వెళ్తే అది డెబిలిస్ అనే మరో అడవి జాతిలో దొరికింది.

దీన్ని చూసి ఒక్కో జన్యువును ఒంటరిగా వదలడం దాన్ని వృథా చేయడమేనని, రెండు మూడు కలిపి ఒకే రకంలో పేర్చాలని కొందరు అంటారు. మరికొందరు అసలు ‘ఉందా, లేదా’ అన్నట్టు పనిచేసే జన్యువులను నమ్మకుండా, పూర్తిగా ఆపకపోయినా తెగులును నెమ్మదింపజేసే అనేక చిన్న జన్యువుల మీద పెట్టుబడి పెట్టాలంటారు. తెల్ల బూజు కలిగించే స్క్లెరోటీనియా కుళ్లు విషయంలో రెండోదే దారి, ఎందుకంటే దాన్ని పూర్తిగా ఆపే జన్యువు ఇంతవరకు ఏ చుట్టం దగ్గరా దొరకలేదు.

క్రోమోజోముల లెక్క కుదరనప్పుడు

సాగు పొద్దుతిరుగుడులో 34 క్రోమోజోములు ఉంటాయి, పుప్పొడిలోనూ అండంలోనూ 17. ఏకవార్షిక చుట్టాలన్నిటికీ ఇదే లెక్క. బహువార్షికాల్లో కొన్నిటికి 34, కొన్నిటికి 68, కొన్నిటికి 102. ట్యూబరోసస్‌ది 102. దాని పుప్పొడిలో 51, సాగు రకం అండంలో 17 కలిస్తే సంకరంలో 68 అవుతాయి. సరి సంఖ్య కాబట్టి కొంత సంతానోత్పత్తి మిగులుతుంది. అదే 68 ఉన్న జాతితో కలిపితే 34కు 17 చేరి 51 అవుతుంది. మూడేసి చొప్పున ఉన్న క్రోమోజోములు జతకట్టలేక ఆ మొక్క దాదాపు గొడ్డుగా మిగులుతుంది.

సంఖ్య కుదిరినంత మాత్రాన అమరిక కుదరాలని లేదు. పెటియోలారిస్‌కూ 34 క్రోమోజోములే, కానీ ముక్కలు చోటు మారడం, తలకిందులు కావడం వల్ల సాగు రకంతో పోలిస్తే 17లో ఏడు మాత్రమే వరుస తప్పకుండా ఉన్నాయి. అందుకే ఈ రెండింటి తొలి సంకరాల్లో పుప్పొడి చాలావరకు పనికిరాదు. కొన్ని సంకరాల్లో గింజ లోపలి పిండం పూర్తిగా పెరగకుండానే చస్తుంది. అలాంటప్పుడు కొద్ది రోజుల వయసున్న పిండాన్ని బయటికి తీసి పోషక మాధ్యమంలో పెంచుతారు, 1980ల నుంచి ఈ పిండ రక్షణ పద్ధతి ఎన్నో మూసిన తలుపులు తెరిచింది.

తలుపు తెరిచాక కూడా చిన్న అడ్డంకులు తప్పవు. అడవి గింజ నిద్రావస్థలో ఉంటుంది, నీళ్లు పోసినా మొలవదు. దాని మొద్దు కొసను బ్లేడుతో సన్నగా కోసి, జిబ్బరెల్లిక్ ఆమ్లంలో నానబెట్టి, పొట్టు వలిస్తే గాని మొలక రాదు.

పెళ్లికి ఒక్కరిని పిలిస్తే

అసలు చిక్కు సంకరణం అయ్యాక మొదలవుతుంది. కావలసింది ఒక్క జన్యువే, వచ్చేది సగం జన్యుసంపద. ఆ సగాన్ని తగ్గించడానికి సంకరాన్ని మళ్లీ మళ్లీ సాగు రకంతోనే కలుపుతారు, దీన్నే బ్యాక్‌క్రాస్ అంటారు. తొలి సంకరంలో అడవి వాటా 50 శాతం. ఒక బ్యాక్‌క్రాస్ తర్వాత సగటున 25, రెండింటికి 12.5, మూడింటికి 6.25, ఆరింటికి 0.78 శాతం. కాగితం మీద సమస్య తీరినట్టే కనిపిస్తుంది.

ఈ లెక్క మిగతా క్రోమోజోములకు సరిపోతుంది, మనం పట్టుకున్న జన్యువు ఉన్న క్రోమోజోముకు కాదు. ప్రతి తరంలో ఆ జన్యువు ఉన్న మొక్కలనే ఉంచుకుంటాం కాబట్టి దాని ఇరుపక్కల ఉన్న ముక్క కూడా దానితో పాటే బతికిపోతుంది. క్రోమోజోము పొడవు 100 సెంటీమోర్గాన్లు, జన్యువు సరిగ్గా మధ్యలో ఉందనుకుందాం. సెంటీమోర్గాన్ అంటే ఒక తరంలో ఒక శాతం విడిపోయే అవకాశం ఉన్న దూరం. ఆరు బ్యాక్‌క్రాస్‌ల తర్వాత కూడా జన్యువు చుట్టూ మిగిలే అడవి ముక్క సగటున 32 సెంటీమోర్గాన్లు, అంటే ఆ క్రోమోజోములో దాదాపు మూడో వంతు. పెళ్లికి ఒక్కరిని పిలిస్తే వీధంతా దిగినట్టు, అందులో కొమ్మలు వేసే గుణం, నూనె తగ్గించే గుణం, గింజ రాల్చే గుణం కూడా ఉండవచ్చు. ప్రజనన శాస్త్రంలో దీన్ని లింకేజ్ డ్రాగ్ అంటారు.

క్రోమోజోములో ఫలానా చోట ఉన్న ముక్క అడవిదో సాగుదో పరీక్షలో చూపే డీఎన్ఏ గుర్తులు వచ్చాక ఈ పని కొంత తేలికైంది. జన్యువుకు ఇరువైపులా 5 సెంటీమోర్గాన్ల దూరంలో ఒక్కో గుర్తు ఉందనుకోండి. 200 మొక్కల్లో సుమారు 100 జన్యువును మోస్తాయి. వాటిలో ఎడమవైపు ఆ దూరంలోనే తెగినవి సుమారు ఐదు, కుడివైపు తెగినవి మరో ఐదు. రెండు వైపులా ఒకేసారి తెగినది 400 జన్యువాహక మొక్కల్లో ఒకటి దొరికినా అదృష్టమే. కాబట్టి ఈ తరంలో ఎడమ తెగినదాన్ని ఎంచుకుని, వచ్చే తరంలో మరో 200 మొక్కల్లో కుడి తెగినదాన్ని వెతికితే రెండు తరాల్లోనే ముక్క 10 సెంటీమోర్గాన్ల లోపుకు వస్తుంది. గుర్తులు లేని రోజుల్లో ఈ పని జరగాలంటే ఎన్నో తరాలు పట్టేది.

అయితే కొన్నిచోట్ల ఏ గుర్తూ సాయం చేయదు. 2020లో అడవి పొద్దుతిరుగుడు జాతుల జన్యుక్రమాలను పరిశీలించినప్పుడు, విడిపోకుండా గంపగుత్తగా తరతరాలకు వెళ్లే 37 పెద్ద ఖండాలు బయటపడ్డాయి. వాటిలో చాలావరకు క్రోమోజోము ముక్క తలకిందులు కావడం వల్ల ఏర్పడినవి. ఆర్గోఫిల్లస్‌లో ముందుగా పూసే మొక్కలకూ ఆలస్యంగా పూసే మొక్కలకూ మధ్య 77 రోజుల తేడాను అలాంటి ఒక ఖండమే శాసిస్తుంది. కావలసిన జన్యువు ఇలాంటి ఖండంలో పడితే దాన్ని విడదీయడం దాదాపు సాధ్యం కాదు.

లాభనష్టాల పద్దు

పొద్దుతిరుగుడు జన్యుక్రమం 2017లో ప్రచురితమైంది, 360 కోట్ల అక్షరాల పొడవు. ఆ తర్వాత 2019లో వందల సాగు, అడవి నమూనాలను పోల్చి చూస్తే, సాగు పొద్దుతిరుగుడు మొత్తం జన్యుసంపదలో సుమారు 10 శాతం అడవి జాతుల నుంచి వచ్చి చేరినదని తేలింది. వచ్చినవాటిలో తెగుళ్ల నిరోధానికి సంబంధించినవి ప్రముఖంగా ఉన్నాయి. అంటే ప్రజనన శాస్త్రవేత్తలు అనుకున్న పనే జరిగింది.

పద్దు రెండో వైపు 2023లో వెలువడింది. సాగు వరుసల్లో ఉన్న అడవి ముక్కలు దిగుబడి మీద, నాణ్యత మీద ఎక్కువగా చెడు ప్రభావమే చూపుతున్నాయని, దూరపు జాతుల నుంచి వచ్చిన ముక్కలు దగ్గరి అడవి యాన్యుస్ నుంచి వచ్చినవాటికన్నా ఎక్కువ హాని చేస్తున్నాయని ఆ పరిశోధన చూపింది. వీలైనంతవరకు దగ్గరి చుట్టంలోనే వెతకాలన్నది దాని సూచన. దీనికి ఒక సహజమైన అభ్యంతరం ఉంది. ‘జి’ రేసును ఆపే జన్యువు డెబిలిస్‌లో దొరికినప్పుడు దూరం అని వదులుకోగలమా? రెండు మాటలనూ కలిపి చదివితే తేలేది ఇది. దూరపు చుట్టం దగ్గరికి వెళ్లడం తప్పు కాదు, తెచ్చిన ముక్కను చివరిదాకా కత్తిరించకుండా మార్కెట్లోకి వదలడం తప్పు.

ఉప్పును, కరువును తట్టుకునే గుణాల దగ్గర చిత్రం మారుతుంది. యాన్యుస్, పెటియోలారిస్ జాతులు ప్రకృతిలోనే సంకరమై పుట్టిన మూడు కొత్త జాతుల్లో అనామలస్ ఇసుక దిబ్బల మీద, డెసర్టికోలా ఎడారిలో, పారడాక్సస్ టెక్సస్, న్యూమెక్సికోల ఉప్పు చిత్తడి నేలల్లో పెరుగుతాయి. తల్లిదండ్రులిద్దరూ బతకలేని చోట బిడ్డ బతకడమే పారడాక్సస్‌కు ఆ పేరు తెచ్చిందేమో. దాని నుంచి ఉప్పును తట్టుకునే హెచ్ఏ 429, హెచ్ఏ 430 వరుసలను 2003లో విడుదల చేశారు. కరువు సంగతి అంత సూటిగా లేదు. వేరు లోతు, ఆకు పరిమాణం, పూత సమయం అన్నీ కలిసి తేల్చే ఆ గుణం ఒక జన్యువులో ఒదగదు, పదుల ముక్కలను ఒకేసారి తెస్తే వాటి వెంట వచ్చే భారం పదింతలవుతుంది.

జన్యువులు తిరుగుదారిలో కూడా వెళ్తాయి

తేనెటీగకు సాగు, అడవి అన్న భేదం లేదు. ఉత్తర అమెరికాలో పొలం పక్కనే అడవి యాన్యుస్ ఉంటుంది కాబట్టి పంట పుప్పొడి దానికి చేరుతూనే ఉంటుంది. 2003లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో పురుగును చంపే బీటీ జన్యువును అడవి మొక్కల్లోకి బ్యాక్‌క్రాస్ ద్వారా పంపి చూస్తే, నెబ్రాస్కాలోని పొలంలో ఆ మొక్కలు మామూలువాటి కంటే 55 శాతం ఎక్కువ గింజ ఇచ్చాయి. అది జన్యుమార్పిడి జన్యువు. కానీ పుప్పొడికి ఆ తేడా కూడా తెలియదు. కలుపు నుంచి తెచ్చిన మందును తట్టుకునే గుణం, పంట ద్వారా విస్తరించి మళ్లీ కలుపులోకి వెళ్లవచ్చునన్న ఆందోళనకు ఆధారం ఇదే. ఆ గుణం మొదట కలుపులో పుట్టిందే కదా, కొత్తగా పోయేదేముంది అని ఎదుటి వారు అంటారు. ఒక చేలో పుట్టడం వేరు, ఒకేసారి లక్షల ఎకరాల పక్కన వెదజల్లడం వేరు అన్నది దానికి వచ్చే జవాబు.

అడవి గింజల అతిపెద్ద సేకరణల్లో ఒకటి అమెరికాలోని అయోవా రాష్ట్రం, ఏమ్స్‌లో ఉంది, రెండు వేలకు పైగా అడవి నమూనాలు అక్కడ చల్లని గదుల్లో నిద్రపోతున్నాయి. అడవి జాతులు తమ పుప్పొడిని తామే తిరస్కరిస్తాయి కాబట్టి వాటి గింజను తిరిగి పెంచాలంటే ఒక్కో నమూనాను వలగూట్లో నాటి, లోపలికి తేనెటీగలను వదలాలి. పారడాక్సస్‌ను 1999లో అంతరించే ముప్పున్న జాతిగా గుర్తించారు, అది పెరిగే ఊటనీటి చిత్తడి నేలలు కుంచించుకుపోతున్నాయి. అలాంటి జాతి గింజను గదిలో దాస్తే పోదని ఒక వర్గం నిశ్చింతగా ఉంటుంది. పుట్టిన చోట నేలమీద ఉండనివ్వాలని ఇంకో వర్గం పట్టుబడుతుంది. రాస్‌విల్ చేలోని మొక్కల పూర్వీకుల గింజను ఆ మందు రాకముందే ఏరి చల్లని గదిలో పెట్టి ఉంటే, వాటిలో 205వ స్థానపు మార్పు ఉన్న గింజ లక్షల్లో ఒకటి ఉన్నా, ఉందని ఎవరికీ తెలిసేది కాదు. దాన్ని పైకి తెచ్చింది ఏడేళ్లు అదే చేలో కొట్టిన మందు.